కాటా మీద పెట్టిన దుంగ

పత్తి బస్తాలోకి మోచేతి దాకా చేయి దూర్చి ఒక పిడికెడు బయటికి లాగితే, దానిలో తడి ఎంతుందో యంత్రం పెట్టకుండానే చెప్పగలను. ఆదోని మార్కెట్ యార్డులో ముప్పై ఏళ్లు కాటా పక్కన నిలబడి నేర్చుకున్న విద్య అది. రైతు నీళ్లు చల్లాడా, మంచులో ఆరేశాడా, అడుగున తడిది పెట్టి పైన పొడిది పరిచాడా, అన్నీ అరచేతికే తెలిసిపోతాయి. ఈ విద్య వల్ల నేను బాగుపడింది లేదు. మనుషుల్ని నమ్మడం మాత్రం మానేశాను. ఎవరు ఏది ఇచ్చినా అడుగున ఏముందో చేయి దూర్చి చూసే గుణం ఒంటికి పట్టింది. మా ఆవిడ పెళ్లైన కొత్తలో దానికి నవ్వేది. తరువాత నవ్వడం మానేసింది.

ఉద్యోగం ఇంకో ఐదేళ్లు ఉందనగా నాకు కొయ్యపని పిచ్చి పట్టింది. ఊరి చివర మూతపడిన జిన్నింగ్ మిల్లు ఒకటుంది. యంత్రాలన్నీ ఎప్పుడో తుక్కు కింద పోయాయి కానీ, పాత వడ్రంగి షెడ్డు మాత్రం పైకప్పుతో సహా నిలబడి ఉంది. ఆదివారం పొద్దున అక్కడ నలుగురం చేరేవాళ్లం. మాలో పనివాడంటే ఒక్కడే, పెద్దాయన. అదే మిల్లులో నలభై ఏళ్లు వడ్రంగిగా చేసి దిగిపోయినవాడు. ఆయన ముస్లిం, నేను కాదు, అయినా మా ఊళ్లో వరుసలకు అది అడ్డం రాదు కాబట్టి నేను ఆయన్ని మామా అని పిలిచేవాణ్ణి. రెండోవాడు మందుల షాపాయన. ఆయన దగ్గర పని కంటే పనిముట్లు ఎక్కువ, అవన్నీ ఫోన్లో చూసి తెప్పించినవి. మూడోవాడు ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సుకు వచ్చేవాడు. నేతగాళ్ల కుటుంబం, ఇప్పుడు మగ్గం లేదు, చీరల అంగడి ఉంది. కట్టెను గిర్రున తిప్పి చెక్కే చిన్న తరిమెన పట్టు మీద బొంగరాలు, గిన్నెలు తిప్పేవాడు. నాలుగోవాణ్ణి నేను. నేనేం చేసేవాణ్ణో చెప్పడానికి పెద్దగా లేదు. పీటలు చేసేవాణ్ణి. అవి నాలుగు కాళ్ల మీద నిలబడేవి, కొంచెం ఊగేవి.

ఆ షెడ్డుకు ఒక కట్టుబాటు ఉండేది, పెద్దాయన పెట్టింది. మంచి కట్టె ఏదైనా దొరికి పంచుకోవాల్సి వస్తే, కోసినవాడిది ఆఖరి ముక్క. మిగతావాళ్లు ముందు ఏరుకున్నాక ఏది మిగిలితే అది వాడిది. తనకు మిగిలేది ఏదో తెలియదు కాబట్టి కోసేవాడు పక్షపాతం లేకుండా కోస్తాడు. మిల్లులో పాత దూలాలు పంచుకునేటప్పుడు వడ్రంగులు అట్లాగే చేసేవారట. మా నలుగురిలో రంపం నిటారుగా నడిచేది పెద్దాయన చేతిలోనే. అందుకని ఎప్పుడూ కోసేది ఆయనే, ఎప్పుడూ ఆఖరి ముక్క ఆయనదే. మేం ముగ్గురం దాన్ని గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు. మంచి ముక్కలు మా ఇళ్లకు పోయేవి, ముడులున్నవి ఆయన ఇంటికి పోయేవి. ఆ ముడుల కట్టెతోనే ఆయన మాకంటే మంచి పని చేసేవాడు.

ఒక వేసవి మొదట్లో సి.బెళగల్ దగ్గర తుంగభద్రలో ఇసుక తీస్తుంటే రెండు నిలువుల లోతున ఒక దుంగ తగిలింది. ఎమ్మిగనూరాయన బంధువుది ఆ ట్రాక్టరు. పొయ్యిలోకి చీల్చబోతుంటే గొడ్డలి టంగున మోగి వెనక్కి వచ్చిందట. అది విని ఎమ్మిగనూరాయన దాన్ని ఆటోలో వేసుకొని వచ్చాడు. నాలుగడుగుల పొడవు, బొగ్గు మాదిరి నలుపు, ఇద్దరం ఎత్తితే గానీ లేవని బరువు. పెద్దాయన ఒక మూల చిత్రిక పట్టి చూసి నల్లమద్ది అన్నాడు, నలుపు దాని పుట్టు నలుపు కాదు, ఏటి అడుగున ఉండి ఉండి వచ్చింది అన్నాడు. ఇలాంటివి వేల ఏళ్లు ఇసుకలో ఉంటాయని మందుల షాపాయన ఫోన్లో చదివి వినిపించాడు. ఎన్ని వేలో మాకు తెలియదు. ఎవరూ పరీక్ష చేయించలేదు. కానీ ఆ పొద్దు నలుగురమూ ఒకరి తరువాత ఒకరు దాని మీద చేయి పెట్టి చూశాం, అది నిజం.

పెద్దాయనే ముందు మాట్లాడాడు. "దీంట్లో నాది ఒకటి ఉండాదప్పా," అన్నాడు.

ఆయనదంటే రెహల్. ఖురాన్ గ్రంథం తెరిచి పెట్టుకొని చదివే మడత పీట. మంచి రెహల్‌ను ఒకే పలకలోంచి తీస్తారు. మధ్యలో రెండు చేతుల వేళ్లు ఒకదానిలో ఒకటి దూరినట్టు కీలు చెక్కి, అటు ఇటు పలకను మందం మధ్యకు చీలుస్తారు. విప్పితే కత్తెర మాదిరి తెరుచుకుంటుంది. మేకు ఉండదు, బంక ఉండదు. ఒక వేలు విరిగితే మొత్తం పోయినట్టే. పెద్దాయన మసీదులకు చేసిచ్చాడు, కొత్త పెళ్లికూతుళ్లకు చేసిచ్చాడు, అడిగినవాళ్లకల్లా చేసిచ్చాడు. ఆయన ఇంట్లో మాత్రం కాలు విరిగితే దారంతో కట్టిన ప్లాస్టిక్ది ఉండేది. తన కోసం చేసుకుందామని పెట్టుకున్న ప్రతి పలకనూ ఎవరో ఒకరు అడిగి తీసుకుపోయేవారు. చేతులు వణకడం మొదలయ్యే లోపల ఒకటి చేసుకోవాలని, దానికి తగిన కట్టె కోసం చూస్తున్నానని చాలాసార్లు అన్నాడు. మూరెడు పొడవు పలక చాలు ఆయనకు. మూరెడు కంటే తగ్గితే పనికిరాదు.

తడిసిన పాత కట్టెను వెంటనే కోస్తే పాడవుతుందని, రెండు వానాకాలాలు తడి ఇసుకలో పెట్టి మెల్లగా ఆరనివ్వాలని ఆయన చెప్పాడు. తన ఇంటి పెరట్లో ఇసుక గుంతలో దుంగను పడుకోబెట్టి, తడి గోనెలు కప్పాడు. అంతటితో ఊరుకుంటే ఈ రాత అవసరం ఉండేది కాదు. మందుల షాపాయన దాని ఫోటో తీసి, కొయ్యపని పిచ్చోళ్లంతా ఉండే ఏదో ఫోన్ గుంపులో పెట్టాడు. బెంగళూరు నుంచి ఒకాయన, అమ్ముతారా, కారు తీసుకొని వస్తాను అని రాశాడు. అమ్మేది లేదని మేమందరం అనుకున్నాం. అనుకొని, ఎవరి మీద వారికి కాక మిగతా ముగ్గురి మీదా అనుమానం పెట్టుకున్నాం.

ఆ వారం నుంచి నేను పని అయ్యాక ఆ వీధిలో ఏదో పని ఉన్నట్టు పెద్దాయన ఇంటి మీదుగా పోయేవాణ్ణి. గోనె ఎత్తి చూసేవాణ్ణి. ఒకరోజు నేను పోయేసరికి మందుల షాపాయన టేపు పెట్టి కొలుస్తున్నాడు. ఎమ్మిగనూరాయన బుధవారం వచ్చి పోయాడని తెలిసింది. పెద్దాయన భార్య నవ్వుతూ, "ఆడపిల్లను సూసేకి వచ్చినట్ల ఒక్కొక్కరే వస్తాండారు," అంది. మేము గోనె ఎత్తిన ప్రతిసారీ ఎండ తగిలేది, ఒక కొస తడి తగ్గుతూ వచ్చింది. పెద్దాయన మళ్లీ నీళ్లు చల్లి కప్పేవాడు. ఒక్క మాట అనలేదు. నాకైతే ఆయన అట్లా ఊరుకోవడమే అనుమానంగా ఉండేది. అందరి కట్టె తన పెరట్లో ఉంటే మనిషి అంత నెమ్మదిగా ఎందుకుంటాడు అనుకున్నాను. తూకం పక్కన నిలబడ్డవాడి బుర్ర అట్లా పనిచేస్తుంది.

నాలుగో ఆదివారం నేనే నోరు తెరిచాను. ఎవరి వాటా వారికి పంచుకుంటే మంచిదన్నాను. "ఇప్పుడు కోస్తే కట్టె సస్తాదప్పా," అన్నాడు పెద్దాయన. నేను వినలేదు. మిగతా ఇద్దరూ నేలచూపులు చూశారు, అంటే నా వైపే అన్నమాట. కాసేపటికి ఆయన, "సరే, నిలువునా నాలుగు పలకలు తీస్తా. అందరికీ పొడుగు దొరుకుతాది. పక్క పలక మిగిలినా నాకు సాలు," అన్నాడు. ఎమ్మిగనూరాయనకు గిన్నెలు తిప్పడానికి లావు మొద్దు కావాలి, పలకలు పనికిరావు. అడ్డంగా కోద్దాం అన్నాడు. నాకు కావాల్సింది అదే. నిలువు పలకల్లో చేవ ఉన్నది ఒకటి, లేనిది ఒకటి, సమానం ఎట్లవుతుంది, అడ్డంగా కోసి తూకం వేసి పంచుకుందాం, అప్పుడు ఎవరికీ మనసులో ఉండదు, అన్నాను. యార్డు నుంచి చిన్న కాటా కూడా తెచ్చి పెట్టుకొనే ఉన్నాను.

పెద్దాయన కాటా వైపు చూశాడు. "తూకమేసి పంచేది పొయ్యిలోకి పోయే కట్టెనప్పా," అన్నాడు.

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. కోపం వెనక ఇంకొకటి ఉంది, అది కూడా చెప్పేస్తాను. రెండేళ్లుగా నేను చేసిన ప్రతి పీటనూ ఆయన చేతికి ఇచ్చేవాణ్ణి. తిప్పి చూసేవాడు, అతుకు మీద బొటనవేలు పెట్టి నడిపేవాడు, పక్కన పెట్టేవాడు. బాగుందని ఒక్కసారీ అనలేదు. బాగా లేదని కూడా అనలేదు. అది ఇంకా నొప్పిగా ఉండేది.

దుంగను పెరట్లోంచి షెడ్డుకు మోసుకొచ్చాం. మొత్తం తూచి నాలుగో వంతు ఎంతో చూశాను. సుద్దముక్కతో మూడు గీతలు గీశాను. ఆ గీతలు ఎక్కడ పడాలో మా నలుగురిలో నాకొక్కడికే తెలుసు. అరచేయి పెట్టి దుంగ పొడుగునా నడిపితే చాలు, ఒక కొస ఎండింది, రెండో కొస నీళ్లు పట్టి ఉంది. తడి బరువు. ఎండిన కొస తేలిక. సమాన తూకానికి కోస్తే తడి వైపు ముక్కలు జానెడుకు కొంచెం ఎక్కువ వస్తాయి, ఎండిన కొస ముక్క మూరెడు వస్తుంది. రైతులు నన్ను మోసం చేయాలని చూసే లెక్కే అది. దాన్ని తిరగేసి నేను వాడుకున్నాను. గీసినవాడు ఒకడు, కోసినవాడు ఒకడు అయ్యాక కోసినవాడిది ఆఖరి ముక్క అనే కట్టుబాటులో న్యాయం ఏముంటుంది? ఆ సంగతి పెద్దాయనకు తెలియకపోలేదు. రంపం తీసి, నా గీతల మీద, వెంట్రుకంత పక్కకు పోకుండా కోశాడు.

కట్టె తెచ్చినవాడు కాబట్టి ఎమ్మిగనూరాయన ముందు ఏరుకున్నాడు, లావుదీ నల్లగా మెరిసేదీ చూసి. మందుల షాపాయన కూడా మెరుపే చూశాడు. తడి కట్టె నల్లగా మెరుస్తుంది, ఎండినది బూడిద రంగులో వెలవెలబోతుంది, ఎవరైనా మెరిసేదే పట్టుకుంటారని నాకు తెలుసు. రెండు మిగిలాయి. ఒకటి పొట్టిది, ఒకటి మూరెడుది. మూడోవాణ్ణి నేను.

పెద్దాయన నా మొహంలోకి చూశాడు. అడగలేదు. అడిగితే ఇచ్చి ఉండేవాణ్ణేమో అని తరువాత చాలాసార్లు అనుకున్నాను, అది నన్ను నేను ఓదార్చుకోవడమే. నేను వంగి మూరెడుది తీసుకున్నాను. దానితో ఏం చేద్దామని? ఏమీ లేదు. బేరంలో పైచేయి నాదైంది, అంతే. ఆయన మిగిలినదాన్ని గోనెలో చుట్టుకున్నాడు. రంపం పళ్లకు పట్టిన నల్లటి పొట్టు తుడిచాడు. పోయేముందు, "కొసలకు మైనం పూసి ఇసుకలో పెట్టప్పా. నీది ఎండిందని అనుకోవద్దు, లోపల తడి ఉంటాది," అన్నాడు. వాటా పోగొట్టుకున్నవాడు దొంగిలించినవాడికి దాచుకునే ఉపాయం చెప్పడం నేను ఆ రోజే చూశాను.

నేను మైనం పూయలేదు. పత్తికి తడి దోషం. ముప్పై ఏళ్లు తడిని తిట్టి బతికినవాణ్ణి, ఎండినది మంచిదే కదా అనుకొని బీరువా మీద, ఫ్యాను గాలి తగిలేచోట పెట్టాను. మే నెలలో ఒక మధ్యాహ్నం అన్నం తింటుంటే టప్‌మని శబ్దం. పైకెక్కి చూశాను. ఈ కొస నుంచి ఆ కొసకు నెర్రె. వారం తిరిగేసరికి మూడు నెర్రెలు. పైన పటారం లోన లొటారం అన్నట్టు లోపలంతా గుల్ల, గోరు పెడితే పెచ్చులు ఊడొస్తున్నాయి. బంక పోశాను, పొట్టు కూరాను, తాడు బిగించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను. మా ఆవిడ చూసి, "ఎవరిదో కాజేసినట్ల ఏంటికట్ల దాస్తావు," అంది. ఆమెకు ఏమీ తెలియదు. ఊరికే అన్న మాట.

ఎమ్మిగనూరాయన గిన్నె కూడా పట్టు మీద తిరుగుతుండగానే రెండు చెక్కలైంది. మందుల షాపాయన గడియారం చేద్దామనుకున్న ముక్క మెలి తిరిగి పడవ మాదిరి అయింది. వాళ్లిద్దరూ షెడ్డుకు తెచ్చి చూపించి నవ్వుకున్నారు, పారేశారు. వాళ్లకు దాచాల్సింది లేదు, వాళ్లు ఎవరి మూరెడూ లాక్కోలేదు. నాకే దొంగకు తేలు కుట్టినట్టైంది. పెద్దాయన ప్రతి ఆదివారం అడిగేవాడు.

"నీది ఎట్లుండాదప్పా?"

"బాగుండాది మామా. ఇసుకలోనే ఉండాది."

"మంచిది. తొందరపడొద్దు."

వేరే ఊళ్లో చదువుతున్న బిడ్డను అడిగినట్టు అడిగేవాడు. నేను కూడా అలవాటు పడి, ఒకసారి, రంగు ఇంకా చిక్కబడిందని కూడా చెప్పాను. అబద్ధానికి కాళ్లు లేవంటారు. నాది ప్రతి ఆదివారం నడిచి షెడ్డుకు వచ్చింది.

శ్రావణంలో ఒక సోమవారం ఉరుకుందలో ఈరన్న స్వామి దర్శనానికి వరుసలో నిలబడి ఉన్నాను. ముందు వందల మంది, వెనక వందల మంది. ఫోన్ మోగింది. మందుల షాపాయన. పెద్దాయనకు పక్షవాతం, కర్నూలు తీసుకుపోతున్నారు అన్నాడు. కుడి చేయి, కుడి కాలు. వరుసలోంచి బయటికి రావడానికి కూడా దారి లేదు. నా మనసులోకి ముందు వచ్చిన ఆలోచన ఆయన బతుకుతాడా అని కాదు. ఇంక నా ముక్క గురించి అడగడు అని. కాసేపటికి నాకే భయం వేసింది, నేను ఇట్లాంటివాణ్ణా అని. స్వామి ముందుకు పోయినప్పుడు ఏమి మొక్కుకోవాలో తెలియలేదు.

నెల తరువాత ఇంటికి తెచ్చారు. మాట కొంచెం ముద్దగా వస్తోంది కానీ అర్థమవుతోంది. కుడి చేయి దుప్పటి మీద ఆయనది కానట్టు పడి ఉంది. నేను మంచం పక్కన కూర్చున్నాను. ఆయన అడిగాడు. ఈసారి నోరు తెరిచి అడిగాడు.

"నా ముక్క పొట్టిది, ఇంకా ఇసుకలోనే ఉండాది. నా సెయ్యి ఇంక లేవదు. నీది మూరెడుంది. రెండు వానాకాలాలు ఆగే పొద్దు నాకు లేదు. నువ్వు సెయ్యప్పా. నేను సెప్తా, నువ్వు సెయ్యి. దాని మీద పెట్టి సదువుకోని పోతా."

నా ముక్క ఎప్పుడో పగిలింది మామా అనే మాట గొంతు దాకా వచ్చింది. దాని వెనక నాలుగు నెలల అబద్ధాలు వరుసకట్టి ఉన్నాయి. ఒకటి చెప్తే అన్నీ చెప్పాలి. సుద్దగీతల దాకా పోవాలి. ఆయన భార్య గుమ్మంలో నిలబడి ఆశగా చూస్తోంది. "సరే మామా," అన్నాను.

ఒక పాత ఎద్దులబండి విప్పుతుంటే దాని తుమ్మ పలకలు మూడు తెచ్చుకున్నాను. నల్లరంగు ఎట్లా ఎక్కించాలా అని ఎమ్మిగనూరాయనను అడిగాను, పీటకని చెప్పి. వాళ్ల అవ్వ నూలుకు నలుపు ఎక్కించే పద్ధతి చెప్పాడు. కరక్కాయ నానేసిన నీళ్లు ముందు పట్టించి, పాత ఇనుము బెల్లంనీళ్లలో ఊరేసిన తుప్పునీళ్లు తరువాత పట్టిస్తే నిమిషంలో కాకి నలుపు వస్తుంది. నిజంగానే వచ్చింది. చూస్తే తుంగభద్ర అడుగు నుంచి తీసినట్టే ఉంది.

ఆదివారం ఆదివారం పాఠం సాగింది. ఎడమచేత్తో పలక మీద వంకరటింకరగా గీసి చూపించేవాడు. కీలు వేళ్లు ఎంత వెడల్పు, ఉలి ఏ వైపు నుంచి పెట్టాలి, చీల్చేటప్పుడు రంపం ఎక్కడ ఆపాలి. "రంపం పెడితే ఏటి బురద వాసన వస్తాది. పాత కట్టె వాసన అట్లే ఉంటాది. భయపడొద్దు," అనేవాడు. నేను తల ఊపేవాణ్ణి. అక్కడికి తెచ్చి చెయ్యమని ఒకసారి అన్నాడు, బల్ల లేకుంటే కుదరదని తప్పించుకున్నాను. ఇంటికొచ్చి తుమ్మ మీద, ఆయన నల్లమద్దికని చెప్పిన కొలతలు పెట్టేవాణ్ణి. మొదటి పలకలో రెండు వేళ్లు విరిగాయి. రెండోది చీల్చేటప్పుడు పోయింది. మూడోది మూడు వారాలు పట్టింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆఖరికి ఒక సాయంత్రం రెండు వైపులా పట్టుకొని మెల్లగా లాగితే, కిర్రుమని, తెరుచుకుంది. నా జన్మలో చేసిన మంచి పని అదొక్కటే. ఊగలేదు, ఇరుక్కోలేదు. అదే దొంగ పని కూడా.

నల్లరంగు పట్టించి, నూనె రుద్ది, తువ్వాలులో చుట్టి తీసుకుపోయాను. చలికాలం, పొద్దు పది గంటలు, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతోంది. ఆయన్ని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. ఎడమచేత్తో తీసుకొని ఒళ్లో పెట్టుకున్నాడు. తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కీలు వేళ్ల మధ్య బొటనవేలు పెట్టి, ఎండకు ఎత్తి లోపలికి చూశాడు. అక్కడికి నా తుప్పునీళ్లు పోలేదు. తుమ్మ చేవ ఎర్రగా ఉంటుంది. నేను మంచం కోడు వైపు చూస్తూ నిలబడ్డాను.

రెహల్ మెల్లగా మూసి ఒళ్లో పెట్టుకొని అన్నాడు. "కీలు బాగా కుదిరిందప్పా. నీకు సెయ్యి కుదిరింది."

రెండేళ్లు దేని కోసం ఎదురుచూశానో ఆ మాట. విని ఇంటికి వచ్చి, గోళ్లలో పట్టిన నలుపు పోయేదాకా చేతులు రుద్ది కడుక్కున్నాను.

తరువాతి ఆదివారం మిగతా ఇద్దరూ ఆయన్ని చూడడానికి వచ్చారు. నేనూ ఉన్నాను. అలమర మీద రెహల్ చూసి మందుల షాపాయన చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూస్తూ, "ఇది ఆ కట్టేనా? మావన్నీ పగిలిపాయ, నీది ఎట్ల నిలిచింది?" అని నన్ను అడిగాడు. నేను దిండు సర్దుతున్నట్టు వంగాను. ఎమ్మిగనూరాయన నా వైపు ఒక చూపు చూశాడు. కరక్కాయ సంగతి ఆయనకు గుర్తుంది.

మంచం మీద నుంచి పెద్దాయన అన్నాడు. "ఆ కట్టే. ఇంకే కట్టె? నేను దగ్గరుండి సేయించినా."

కట్టె గురించి ఆయన అబద్ధం చెప్పగా నేను ఎప్పుడూ వినలేదు. మేకు కొట్టిన చోట అతుకు వేశానని ఎవరైనా అంటే ఓర్చుకోలేని మనిషి. ఆ మాట చెప్పి నా వైపు చూడలేదు, కళ్లు మూసుకున్నాడు. వాళ్లిద్దరూ రెహల్‌ను చేతులు మార్చుకుంటూ ఫోటోలు తీసుకున్నారు.

ఇది జరిగి ఏడాది దాటింది. నేను ఇప్పటికీ ఆదివారం పోతాను. షెడ్డుకు ఎవరూ పోవడం లేదు. రెహల్ అలమర మీద మూసి ఉంటుంది, దుమ్ము లేకుండా తుడిచి ఉంటుంది. ఆయన ఇప్పుడు దిండు మీద తువ్వాలు మడిచి పరిచి, దాని మీద గ్రంథం పెట్టుకొని చదువుతాడు. ఒకసారి ఆయన నిద్రపోతుంటే ఆయన భార్యను అడిగాను, రెహల్ ఏంటికి వాడడని. ఆమె గొంతు తగ్గించి, "దాని మీద పెట్టనీడప్పా. మంచిగుండాది కదా అంటే, ఉండనీలే అంటాడు. నాకేమీ సెప్పడు," అంది. నన్నే అడిగింది, మీ మధ్య ఏమన్నా మాట వచ్చిందా అని. లేదన్నాను.

ఆయన ఉన్నాడు. చెప్పడానికి నాకు నోరు ఉంది. ప్రతి వారం మిల్లు దాటేదాకా చెప్పాలనే అనుకుంటాను. పోయి మంచం పక్కన కుర్చీ లాక్కొని కూర్చుంటాను. పూర్వం నాతో కట్టె గురించి తప్ప ఇంకో మాట మాట్లాడని మనిషి. ఏ చెట్టు ఏ కాలంలో కొట్టాలి, ఏ ముడి చుట్టూ ఉలి ఎట్లా తిరగాలి, అదే లోకం. ఇప్పుడు నేను కూర్చోగానే మర్యాదగా నవ్వుతాడు. టీ పెట్టమని లోపలికి చెప్తాడు. తరువాత నన్ను అడుగుతాడు.

"యార్డులో పత్తి ఎట్ల పోతాందప్పా ఈ వారం?"

నేను ధర చెప్తాను.